ఓర్పుమాపకం

సంతకాల కాగితం తన ఒళ్ళోకి వచ్చేసరికి హేమవల్లి దానిమీది పేర్లు లెక్కపెట్టసాగింది. అప్పటికి నలభై రెండు పేర్లున్నాయి. అందులో సగం వేలిముద్రలు.

“ఏటే, అంతసేపు ఆలోసిస్తన్నావు? పేరు ముందు డాక్టరని కూడా రాయి. సదువుకున్నోళ్ళుంటే ఆఫీసోళ్ళు కాస్త సూస్తారు,” అంది అక్క దమయంతి.

“నేను మందుల డాక్టర్ని కాదు కదప్పా.”

“ఏ డాక్టరయితేనేటి? రాయి.”

రాసింది. మిగతా పేర్లకంటే చిన్నగా, ఎవరూ చదవలేనట్టుగా రాసింది.

నేరేళ్ళపుట్టుగ సముద్రానికి దగ్గర్లో, జీడితోటలకీ కొబ్బరితోటలకీ మధ్య ఉన్న ఊరు. అక్కడి నీళ్ళలో ఏముందో, మట్టిలో ఏముందో ఎవరూ తేల్చి చెప్పలేదు కానీ, నలభై దాటిన మనుషులకి కిడ్నీలు చెడిపోవడం మాత్రం ఆ చుట్టుపక్కల మామూలైపోయింది. పదేళ్ళపాటు జనం ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా పాత పంచాయతీ భవనంలో ఐదు డయాలసిస్ మిషన్లు పెట్టారు. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు ఆ మిషన్ల పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకుని వెళ్ళేవాళ్ళు ముప్ఫైమంది. దమయంతి వాళ్ళలో ఒకతె. అంగన్‌వాడీ టీచరుగా పనిచేసేది, జబ్బు ముదిరాక మానేసింది. ఇప్పుడా కేంద్రాన్ని మూసేసి, మిషన్లను డెబ్భై కిలోమీటర్ల అవతల జిల్లా ఆసుపత్రిలో కలిపేస్తామని నోటీసు వచ్చింది. కేంద్రాన్ని నిలబెట్టుకోవడానికి ఊళ్ళో వేసుకున్న కమిటీకి దమయంతే పెద్ద. ఆమెకి తోడుగా ఉంటానని సెలవు పెట్టి వచ్చింది హేమవల్లి.

నోటీసులో కారణం ఒక్క ముక్కలో రాశారు: ‘స్థానికుల సర్దుబాటు సామర్థ్యం దృష్ట్యా’.

“సర్దుబాటు సామర్థ్యం అంటే ఏటే?” అని అడిగింది దమయంతి.

“ఏమోనప్పా,” అంది హేమవల్లి.

ఆ మాట పుట్టించింది హేమవల్లే.

*

ఏడేళ్ళ కిందట పెద్ద తుఫాను వచ్చినప్పుడు హేమవల్లి సహాయం పంచే లారీ వెంట వెళ్ళింది. గొంతు చించుకుని అరిచినవాళ్ళకి బియ్యం, దుప్పట్లు ముందు అందాయి. కూలిన గోడకి ఆనుకుని నోరెత్తకుండా కూర్చున్న ఒక ముసలావిడ దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. సాయంత్రం ఎవరో లేపబోతే తెలిసింది, ఆమె కాలు విరిగి ఉంది. అరవనివాళ్ళ బాధను కొలిచే సాధనం ఒకటుంటే ఎంత బాగుండునని ఆ రోజు హేమవల్లికి అనిపించింది. విశాఖపట్నంలో తన ప్రయోగశాలలో నాలుగేళ్ళు పనిచేసి అలాంటిదే తయారుచేసింది. ఓర్పుమాపకం అని పేరు పెట్టింది.

చూడ్డానికి సబ్బుబిళ్ళంత తెల్లటి పెట్టె. గోడకి తగిలిస్తే మనుషుల మాటలను పట్టించుకోదు. మాటల మధ్య తీసుకునే ఊపిరిని వింటుంది. గొంతు సవరించుకోవడం, బెంచీ మీద అటూ ఇటూ కదలడం, మూలుగు పెదవిదాకా వచ్చి ఆగిపోవడం, అన్నీ వింటుంది. అక్కడి మనుషులు ఎంత బాధను లోపల అణచుకుంటున్నారో పదికి ఇంత అని అంకె చూపిస్తుంది.

అది నిజం చెబుతోందో లేదో చూడ్డానికి హేమవల్లి దాన్ని నేరేళ్ళపుట్టుగకే తెచ్చింది. దమయంతి మిషన్ మీద ఉంది. మూడో గంట దాటింది.

“నొప్పిగా ఉందా అప్పా?”

“అబ్బే, ఏటీ లేదు.”

పెట్టె తొమ్మిది చూపించింది. అప్పుడే అటుగా వచ్చిన టెక్నీషియన్ ఢిల్లేశ్వరరావు దమయంతి కాలు పట్టుకుని చూసి కంగారుపడ్డాడు. “ఇదేటి దమయంతమ్మా, పిక్క రాయిలాగ గట్టిపడిపోనాది. సెప్పవేటి?” అంటూ కూర్చుని మర్దనా మొదలుపెట్టాడు. హేమవల్లి ఆ అంకెను నోటుపుస్తకంలో రాసుకుంటోంది. తన పెట్టె గెలిచింది. సంతోషంతో ఆమెకి అక్షరాలు వంకర్లు పోయాయి.

తర్వాత ఆ కొలతకి ‘దమం’ అని పేరు పెట్టింది. ఓర్చుకోవడానికి సంస్కృతంలో ఉన్న మాటేనని తోటివాళ్ళకి చెప్పింది. అక్క పేరులోంచి తీసుకున్నానని ఎవరికీ చెప్పలేదు.

ఓర్పుమాపకానికి మంచి పేరు వచ్చింది. ఆసుపత్రుల వరండాల్లో, రేషను దుకాణాల ముందు, బస్టాండుల్లో పెట్టారు. పోయిన వేసవిలో ప్రజాసేవల పునర్వ్యవస్థీకరణ మండలి అనే కొత్త సంస్థవాళ్ళు హేమవల్లిని పిలిపించారు. దాని అధ్యక్షురాలు శ్యామలగారు నెమ్మదైన మనిషి. పెట్టెను చేతిలో తిప్పి తిప్పి చూశారు.

“అంకె ఎక్కువుంటే అక్కడి జనం బాగా ఓర్చుకుంటున్నారని. అంతే కదమ్మా?”

“అవునండీ. సాయం ముందు వాళ్ళకి అందాలి.”

“బాగుంది. కానీ మేం రాష్ట్రం మొత్తం మీద పన్నెండు కేంద్రాలు తగ్గించుకోవాలి. ఎక్కడ తగ్గిస్తే గొడవ రాదో కూడా ఇది చెప్పేస్తుంది కదా?”

హేమవల్లి అక్కడినుంచి లేచి రావాల్సింది. కనీసం ఆలోచించి చెబుతానని అనాల్సింది. ఆ తర్వాత ఆ క్షణాన్ని ఆమె ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు. బల్ల చుట్టూ ఉన్న పెద్దవాళ్ళందరూ ఆమె చేసిన వస్తువునే చూస్తున్నారు. అది ఇంకో పని కూడా చేయగలదని చెప్పుకోవాలన్న ఉబలాటం ఆపుకోలేకపోయింది.

“చెబుతుందండీ. పట్టికలో ఇంకో గడి చేర్చాలి, అంతే,” అంది.

చేర్చడానికి ఒక్క పూట పట్టింది. గడికి శీర్షిక కావాలంటే కాసేపు ఆలోచించి ‘సర్దుబాటు సామర్థ్యం’ అని పెట్టింది. పట్టిక పూర్తయ్యాక చూస్తే మొదటి వరసలో నేరేళ్ళపుట్టుగ ఉంది. ఇంకా చిత్తుప్రతే కదా, మారుతుందిలే అనుకుని కంప్యూటరు కట్టేసి ఇంటికి వెళ్ళిపోయింది.

*

దమయంతి నడిపిన ఉద్యమంలో ఒక్క రాయి లేవలేదు. మండలాఫీసుకి వెళ్ళినప్పుడు రోగులందరినీ రెండు వరసల్లో నడిపించింది. గేటు ముందు నీడలో కూర్చోబెట్టింది. నినాదాలు వద్దంది.

“గొడవ సేస్తే ఉన్నవి కూడా పట్టుకెల్లిపోతారు. మనం మర్యాదగా అడిగితే ఆలకి మాత్రం సిగ్గుండదేటి?” అనేది.

కొబ్బరి పీచుతో తాళ్ళు పేనే దున్న లోకనాథం ఆమె కుడిభుజం. అరవై ఏళ్ళ మనిషి, మిషన్ మీద నాలుగేళ్ళనుంచి ఉన్నాడు. అందరికంటే వెనక నిలబడి, వరసలో ఎవరికైనా కళ్ళు తిరిగితే చెయ్యి అందించేవాడు. తనకి ఆయాసం వస్తే ఎవరికీ కనబడకుండా చెట్టు వెనక్కి వెళ్ళి తీర్చుకుని వచ్చేవాడు.

డయాలసిస్ కేంద్రం వరండాలో కిటికీ పైన ఆ తెల్లపెట్టె ఇంకా ఉంది. రోగులు దాని కిందే కూర్చుని కరపత్రాలు మడతపెట్టేవారు. విసుక్కున్నవాళ్ళు లేరు, కసిరినవాళ్ళు లేరు. వాళ్ళెంత ఒద్దికగా ఉంటే పట్టికలో వాళ్ళ ఊరు అంత గట్టిగా పైన కూర్చుంటోందని హేమవల్లి ఒక్కతికే తెలుసు. రోజూ ఇవాళ చెప్పేస్తాననుకునేది. ఎవరో ఒకరు “దమయంతమ్మ సెల్లెలు సూడు, ఉద్యోగానికి సెలవెట్టి మన కోసం ఒచ్చినాది,” అనేవారు. ఆ మాటతో మళ్ళీ రేపటికి వాయిదా వేసేది. అర్జీ మాత్రం చాలా బాగా రాసిపెట్టింది. అది చదివి వినిపిస్తుంటే లోకనాథం కళ్ళు తుడుచుకున్నాడు.

ఒకటో తారీకున లారీ వచ్చి మిషన్లు ఎక్కించుకుపోయింది. జనం దారిచ్చారు. దారిచ్చి, మిషన్లకి దెబ్బ తగలకుండా గోనెపట్టాలు కూడా వేసి కట్టారు.

ఆ తర్వాత వారానికి మూడుసార్లు జీపు మాట్లాడుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్ళడం మొదలైంది. జీపులో పదిమందికే చోటు. పద్దెనిమిదో రోజున లోకనాథం తన చోటు ఒక బాలింతకిచ్చి బస్సులో వస్తానన్నాడు. బస్సు రాలేదు. తర్వాతి వాయిదాకి కూడా ఇంకెవరికో చోటిచ్చాడు. రెండుసార్లు తప్పేసరికి ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తుల్లోకి ఎక్కింది. మూడోసారి అందరూ కలిసి జీపులో ముందు సీటులో కూర్చోబెట్టారు. కానీ జిల్లా ఆసుపత్రి ఇంకా ముప్ఫై కిలోమీటర్లుందనగా ఆయాసంతో ప్రాణం పోయింది.

హేమవల్లి వెళ్ళేసరికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. సగం పేనిన తాడు అరుగు మీద అలాగే ఉంది. ఢిల్లేశ్వరరావు గుంజకి తల ఆనించి ఏడుస్తున్నాడు.

“రెండుసార్లూ నానే ఎక్కమన్నాను మేడం. నాకేటవుతాది, నాను తట్టుకుంటాను గానీ ముందు ఆలని తీసుకెల్లు అన్నాడు. నాను నమ్మీసినాను.”

తను కూడా నమ్మేసిందని, నమ్మి, అంకె వేసి, పై అధికారులకి అందించిందని హేమవల్లికి తెలుసు. పరామర్శకి వచ్చినవాళ్ళు పక్కకి జరిగి ఆమెకి కూర్చోడానికి చోటిచ్చారు. ఆమె కూర్చోలేకపోయింది.

*

లోకనాథం పెద్దకర్మ అయిన మర్నాడు మధ్యాహ్నం జీడిపప్పు షెడ్డులో కమిటీ కూర్చుంది. హేమవల్లి లేచి నిలబడి అన్నీ చెప్పింది. తుఫాను సంగతి, పెట్టె సంగతి, శ్యామలగారి ప్రశ్న, తను చేర్చిన గడి. పట్టికలో ఊరిపేరు చూసి కూడా ఊరుకున్న సంగతి ఆఖరున చెప్పింది.

ఎవరైనా తిడతారని, కొట్టినా కొడతారని సిద్ధపడి వచ్చింది. ఆడవాళ్ళు చేతికంటిన జీడిరసాన్ని బూడిదతో రుద్దుకుంటూ నేలచూపులు చూశారు. చివరికి లోకనాథం భార్య బృందావతి నోరు విప్పింది.

“మా ఆయన కూడా ఆ లెక్కలో ఉన్నాడేటమ్మా?”

“పేరుండదు పిన్నీ. ఊపిరి లెక్క ఉంటుంది.”

“మరి ఆఖర్న ఆయాసపడినప్పుడు ఆ పెట్టెకి ఇనపడలేదేటి?”

మూసేసిన కేంద్రం వరండాలో పెట్టె ఖాళీ బెంచీలను వింటూ ఉంది.

ఢిల్లేశ్వరరావు హఠాత్తుగా లేచాడు. “అయితే సులువే కదా! అందరం ఎల్లి ఆ పెట్టె ముందు గోలెట్టీద్దాం. తిడదాం. బెంచీలు ఇరగ్గొడదాం. అంకె పడిపోతాది. పడిపోదా మేడం?”

“పడిపోతుంది. మన పేరు పట్టికలో కిందికి వెళ్ళిపోతుంది.”

షెడ్డులో కదలిక వచ్చింది. దమయంతి మాత్రం చెల్లెలి మొహం వైపు చూస్తోంది.

“పన్నెండు మూస్తామన్నారు కదా. మనం తప్పుకుంటే పన్నెండుకి ఒకటి తక్కువవుతాది. అప్పుడెవులిది మూస్తారు?”

“పదమూడోది.”

“ఏటది?”

“లోగాం. కొండమీది కాన్పుల కేంద్రం.”

దమయంతి ఢిల్లేశ్వరరావు వైపు తిరిగి, “కూకో బాబూ,” అంది. అతను కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక దమయంతి అన్నం వండి పెట్టింది. తను కొలిచి పెట్టుకున్న గ్లాసెడు నీళ్ళలో రెండు గుక్కలు తాగి మూత పెట్టింది. కంచం ముందునుంచి హేమవల్లి లేవబోతుంటే అప్పుడు అడిగింది.

“ఆ రోజు నా పిక్కలు పట్టీసినప్పుడు నాను నొప్పి లేదన్నాను. పెట్టె ఉందన్నాది. నీకు తెలిసిపోనాది కదా?”

“తెలిసిందప్పా.”

“తెలిసినాక నువ్వేటి సేసినావు?”

హేమవల్లి మళ్ళీ కంచం ముందు కూర్చుంది. కాలు పట్టింది ఢిల్లేశ్వరరావు. తను అంకె రాసుకుంది. పట్టిక సంగతి చెబుతున్నప్పుడు కూడా ఇంత సిగ్గు వేయలేదు. షెడ్డులో చెప్పుకున్న తప్పు పోయిన వేసవిలో మొదలైంది కాదు. దాని మొదలు అక్క మంచం పక్కన, తనకి ఎంతో సంబరంగా ఉన్న ఆ మధ్యాహ్నం ఉంది.

“నాకు సెప్పింది సాల్దు,” అంది దమయంతి కంచాలు తీస్తూ. “మా ఊరోళ్ళకి సెప్పింది కూడా సాల్దు. ఎవుల ముందు ఆ గడి సేరుస్తానన్నావో ఆల ముందే సెప్పాల.”

*

కమిటీ పట్టుబట్టగా పట్టుబట్టగా నెల్లాళ్ళకి జిల్లా కేంద్రంలో బహిరంగ విచారణ పెట్టారు. హేమవల్లి సాక్షిగా వస్తానని రాసిచ్చింది. ఆ సంగతి తెలియగానే ప్రయోగశాలవాళ్ళు ఫోను చేసి, సంస్థ పత్రాలు బయటపెడితే ఉద్యోగం ఉండదని మర్యాదగానే చెప్పారు. సరేనంది.

హాలు నిండిపోయింది. వేదిక మీద విచారణ సంఘం సభ్యులు ముగ్గురు, ఒక పక్కన శ్యామలగారు. హేమవల్లి పట్టికను తెర మీద చూపించి, ఆఖరి గడి ఏం చెబుతుందో వివరించింది.

“ఎక్కువ ఓర్చుకునే ఊళ్ళు పైన ఉంటాయి. ఎక్కువ సాయం కావలసినవి అవే. మండలి వాటిని మూయడానికి ఎంచుకుంది.”

శ్యామలగారు కోప్పడలేదు. “ఆ గడి మీతో మేం బలవంతంగా చేయించామా డాక్టరుగారూ?”

“లేదండీ.”

“అభ్యంతరమేమైనా చెప్పారా?”

“లేదు. చెప్పలేదు. పెట్టె తప్పుచేసిందని నేను అనడం లేదు. అది సరిగానే విన్నది. గడి చేర్చింది నేను. పేరు పెట్టింది నేను. పైన మా అక్క ఊరు ఉండడం చూసి కూడా మాట్లాడలేదు. ఒక మనిషి చనిపోయాక మాట్లాడుతున్నాను. ఆయన పేరు దున్న లోకనాథం.”

మైకులో తన గొంతు హాలంతా తిరిగి తన దగ్గరికే వచ్చినట్టయింది. ముందు వరసలో బృందావతి కూర్చుని ఉంది. ఆమెవైపు చూడాలని హేమవల్లి అనుకుంది. ధైర్యం చాలక కాగితాలు సర్దుకుని దిగిపోయింది.

వారం తర్వాత ఉత్తర్వు వచ్చింది. పట్టికను మూడు నెలలపాటు ఆపారు. ఈలోగా మూతకి ఎంచిన పన్నెండు ఊళ్ళవాళ్ళూ, వాటి తర్వాతి వరసలో ఉన్న లోగాంవాళ్ళూ ఎవరి అభ్యంతరాలు వాళ్ళు చెప్పుకోవచ్చు. చెప్పుకోని ఊళ్ళ విషయంలో మండలి నిర్ణయమే చెల్లుతుంది. నేరేళ్ళపుట్టుగకి ఐదు మిషన్లలో మూడు తిరిగొచ్చాయి. మిగతా రెండూ ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేదు. ఢిల్లేశ్వరరావు మిగిలిన ఇరవై తొమ్మిదిమందిని మూడు మిషన్ల మీద సర్దడానికి తెల్లవారకముందే తలుపులు తీస్తున్నాడు. హేమవల్లి ఉద్యోగం పోయింది.

కేంద్రం మళ్ళీ తెరిచిన రోజు ఊరివాళ్ళు దమయంతికి దండ వేయబోయారు. ఆమె వద్దంది. పక్కన నిలబడ్డ చెల్లెల్ని చూపిస్తూ కమిటీతో అంది:

“మిగతా ఊళ్ళోళ్ళకి ఆల పేరు పట్టికలో ఎందుకున్నాదో తెల్దు. తెలవకుంటే ఏటని అభ్యంతరం సెప్తారు? ఇది ఎల్లి సెప్తాది. నా సెల్లెలని కాదు, డాక్టరని కాదు, ఆ గడి సేర్చింది నానేనని ముందు సెప్పి, తర్వాత మిగతాది సెప్తాది. మొదట లోగాం.”

హేమవల్లి తలూపింది. అక్క తనని క్షమించిందో లేదో తెలియలేదు. అడిగే హక్కు కూడా లేదనిపించింది.

*

లోగాం వెళ్ళే బస్సు కొండ కిందే ఆగిపోతుంది. అక్కడినుంచి ఆరు కిలోమీటర్ల నడక. హేమవల్లి ఎక్కేసరికి పదకొండయింది. రెండు గదుల కాన్పుల కేంద్రం, బయట రేకుల చావడి, చావడి గోడమీద తెల్లపెట్టె. నలుగురు గర్భిణులు పరీక్షకోసం కూర్చుని ఉన్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. హేమవల్లి వాళ్ళ ముందు నిలబడి, అక్క చెప్పమన్న వరసలోనే చెప్పింది.

ఏడో నెల కడుపుతో ఉన్న సవర మాలతి అనే అమ్మాయి మొదటినుంచీ చెప్పేది శ్రద్ధగా విన్నది. మాటలు అయిపోయాక నడుం మీద చెయ్యేసుకుని మెల్లగా లేచింది.

“ఈ పెట్టె పెట్టినోళ్ళు మాకు మంచి సేస్తామన్నారు. మంచి సేయడానికేనా?”

“అందుకే చేశాను. తర్వాత మార్చాను.”

“మేం అరవడం లేదని సెప్పి మా కేంద్రం తీసీస్తారా?” ఆమె గొంతు లేచింది. “నా మొదటి కాన్పుకి డోలీలో మోసినారు. సగం దారిలో బిడ్డ పోనాది. అప్పుడూ అరవలేదు. అరిస్తే మోసీవోళ్ళు బెదురుతారని పళ్ళు కరుసుకున్నాను. దాన్ని కూడా లెక్కేసుకుంటావేటి? ఈ రెండు గదులొచ్చినాక గదా మళ్ళీ కడుపుతో ఉండడానికి ధైర్యం సేసినాను. నువ్వెవులివి? నీకు మనసుందా? సదువుకుని ఇదేనా సేసినావు?”

ఆమె ఆగలేదు. తిట్టింది, సగం తెలుగులోనూ సగం వాళ్ళ భాషలోనూ. నర్సు బయటికొచ్చి సముదాయించబోతే హేమవల్లి చేత్తో వారించింది. నేరేళ్ళపుట్టుగలో ఒక్కరూ తిట్టలేదు. అన్నం పెట్టారు, జరిగి చోటిచ్చారు. ఈ అమ్మాయి నోటి ప్రతి మాటా తగలాల్సిన చోటే తగులుతోంది. హేమవల్లి చావడి బయట ఎండలో నిలబడి, తల దించుకుని, ఒక్క మాట కూడా వదలకుండా విన్నది.

మాలతి ఆయాసపడుతూ ఆగింది. మొహం చెమటతో మెరుస్తోంది. తక్కిన ముగ్గురూ కూడా లేచి ఆమె పక్కన నిలబడ్డారు.

“మూడు నెల్లన్నావా?”

“ఇప్పటికి పదిహేను రోజులు గడిచిపోయాయి.”

“పైన ఇంకా మూడు గూడేలున్నాయి. మా వోళ్ళు నాను సెప్తే నమ్మరు. పద, నాకు సెప్పినట్టే ఆలకీ సెప్దువు గాని.”

“ఈ ఎండలో నువ్వెక్కొద్దమ్మా. దారి చూపించు చాలు, నేను వెళ్తాను.”

“నాను రాకపోతే నిన్ను గూడెంలో అడుగెట్టనిస్తారేటి?” అంది మాలతి. చెట్టుకి ఆనించిన చేతికర్ర తీసుకుని, హేమవల్లి వస్తోందో లేదో చూడకుండానే ముందు నడవడం మొదలుపెట్టింది.